చూసిన మాట, విన్న మాట

పోర్ట్ బ్లెయిర్‌లో కోర్టు దగ్గర మాకు జెరాక్స్ దుకాణం ఉంది. మా నాన్న పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. వకీళ్లు, గుమాస్తాలు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి కోర్టు మాటలు నా చెవిన పడుతూనే ఉంటాయి. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఒకే ఒక్క కేసులో దగ్గరగా చూశాను. అదీ నాకు తెలుగు వచ్చినందువల్ల.

ఆ ఉదయం కోర్టు గుమాస్తా వచ్చి, "దీదీ, ఆప్‌కో తెలుగు ఆతీ హై నా?" అని అడిగాడు. వచ్చన్నాను. హార్బరు అవతల ఉన్న హోప్ టౌన్ నుంచి ఒక ముసలావిడ సాక్ష్యానికి వచ్చిందట. తెలుగు తప్ప ఏమీ సరిగ్గా మాట్లాడలేకపోతోందట. మామూలుగా తర్జుమా చేసే ఆయన సెలవు పెట్టి మెయిన్‌లాండ్ వెళ్లాడు. మేజిస్ట్రేటు మేడమ్ నన్ను తీసుకురమ్మన్నారు. దుకాణం చూస్తూ ఉండమని పక్కనున్న టీకొట్టు భయ్యాకు చెప్పి వెళ్లాను.

ఆవిడ వరండాలో బెంచీ చివర కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. పక్కనే అల్లుడు నిలబడి ఉన్నాడు.

"మామ్మా, నీకు హిందీ రాదా?" అన్నాను.

"బజార్ల సేపలమ్మే హిందీ వొచ్చు తల్లీ. ఈల్లు మాటాడే హిందీ రాదు" అంది.

సంగతి అల్లుడు చెప్పాడు. అతనికి డోంగీ, అంటే చేపలు పట్టే చిన్న పడవ, ఉంది. ఒక వాన సాయంత్రం దాని ఇంజనును ఎవరో విప్పుకుని పోయారు. వాళ్ల ఇళ్ల లైనులోనే ఎదురింట్లో ఉండే యువకుడి మీద కేసు పెట్టారు. అతనికీ వీళ్లకీ వల దగ్గర పాత తగాదా ఉంది. దొంగ వెళ్తుండగా చూసింది అత్తగారొక్కతే.

"వకీల్ని మనం పెట్టుకోనక్కర్లేదంట అక్కా. పోగొట్టుకున్నది నేను, కేసేమో సర్కారుదంట" అన్నాడు, కొంచెం అసంతృప్తిగా. దొంగతనం ఒక మనిషికి జరిగినా, చట్టం దాన్ని అందరి మీదా జరిగిన తప్పుగానే లెక్కవేస్తుందని, అందుకే ప్రభుత్వ వకీలు వాదిస్తాడని గుమాస్తా అతనికి చెప్పాడు.

లోపల ముందు నా చేత ప్రమాణం చేయించారు. సాక్షి చేత చేయిస్తారని తెలుసు గానీ, తర్జుమా చేసే మనిషి కూడా చేయాలని నాకు తెలియదు. ఆవిడ మాటను ఉన్నదున్నట్టు హిందీలో చెబుతాను, దేన్నీ కలపను, దేన్నీ తీసేయను. ఆ మాటలు ఒక్కొక్కటే పలికాను. తర్వాత ఆవిడ ప్రమాణం చేసింది. ముద్దాయి బోనులో కటకటాల మీద చేతులు పెట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు.

ప్రభుత్వ వకీలు ఆ సాయంత్రం ఏం చూశారని అడిగాడు.

"వాన కురస్తంది. నాను అరుగు మీద ఉన్నాను. ఒకడు ఇంజను బుజాన ఎట్టుకుని జెట్టీ ఏపు ఎల్తన్నాడు. నీలం రైన్‌కోటు ఏసుకున్నాడు."

"ఎవరతను?"

"ఇంకెవుడు. ఆడే అట్టుకెల్లాడంట."

'అతనే తీసుకెళ్లాడు' అని హిందీలో చెప్పబోయి ఆగాను. మనకు 'అంట' అనేది మాట చివర చిన్న ముక్క. రోజుకు ఎన్నిసార్లు అంటామో గమనించం. హిందీలో దానికి ఒక వాక్యమే కావాలి. అది వదిలేస్తే ఆవిడ చూసినట్టవుతుంది, చెబితే విన్నట్టవుతుంది. "అతనే తీసుకెళ్లాడని జనం అంటున్నారు" అని హిందీలో చెప్పాను.

ప్రభుత్వ వకీలు తలెత్తి, "జనమా? ఈవిడ స్వయంగా చూశారు కదా" అన్నాడు.

మేడమ్ కలం పక్కన పెట్టి, "చూశారా, విన్నారా? అడగండి" అని నాతో అన్నారు.

అడిగాను. అల్లుడు వెనక బెంచీలోంచి ముందుకు వంగాడు.

"ఈపు సూసినాను. టోపీ కప్పుకున్నాడు, మొకం కనబళ్లేదు. అది ఆడి రైన్‌కోటేనని లైన్ల అందరూ అన్నారు."

పోలీసులకు మరోలా చెప్పారు కదా అని ప్రభుత్వ వకీలు అడిగితే, "అప్పుడూ ఇలాగే సెప్పినాను" అంది. చూసిన మాట వరకు రాసుకుంటామని, లైనులో వాళ్లు ఏమన్నారో వాళ్లే వచ్చి చెప్పాలని, వాళ్ల తరఫున ఈవిడ చెబితే చెల్లదని మేడమ్ అన్నారు. ముద్దాయి వకీలు ఒకే ప్రశ్న వేశాడు: నీలం రైన్‌కోటు లైనులో ఇంకెవరికైనా ఉందా?

"సగం మందికి ఉంది బాబూ. ఒక్క కొట్లోనే కొన్నారు. మా అల్లుడిదీ నీలవే."

బయటికి వచ్చాక అల్లుడు అరవలేదు. "సూసినానని ఒక్క మాటంటే సరిపోను కదా అత్తా" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వైనా ఆ ముక్క ఎందుకు చెప్పావక్కా" అన్నాడు. ఆవిడ అన్నదే చెప్పానన్నాను.

"మొకం కనబళ్లేదు బాబూ. ఏటి సెప్పమంటావు" అంది ఆవిడ.

అతను ఒక్కడే ఫెర్రీకి వెళ్లిపోయాడు. ఆవిడను ఆటో ఎక్కించి ఊళ్లోనే మిన్నీ బేలో ఉన్న వాళ్ల చెల్లెలి ఇంటికి పంపాను.

తర్వాత కేసు కొట్టేశారు. ఆ సంగతి తెలిసి, ఇంకా చెల్లెలి ఇంట్లోనే ఉంటున్న ఆవిడ దుకాణానికి వచ్చింది. అప్పుడే కాపీలకు వచ్చిన ఒక వకీలుని ఆవిడ తరఫున నేను అడిగాను.

"నేరం మోపినవాళ్లే రుజువు చేయాలి. తాను చేయలేదని ముద్దాయి రుజువు చేయక్కర్లేదు. అనుమానం మిగిలితే వదిలేస్తారు" అన్నాడాయన.

"అయితే ఆడు తియ్యలేదనా?" అంది ఆవిడ.

"అలా అనలేదమ్మా. తీశాడని తేలలేదు అన్నారు. ప్రభుత్వం కావాలంటే పై కోర్టుకు వెళ్లొచ్చు."

ప్రభుత్వం వెళ్లలేదు. ఇంజను దొరకలేదు. అతనే తీసి ఉంటే? ఆ ఆలోచన నన్నూ కొన్నాళ్లు వదల్లేదు. డోంగీ ఒడ్డునే ఉండిపోయి, అల్లుడు వేరేవాళ్ల పడవ మీద కూలికి వెళ్తున్నాడని తెలిశాక మరీను. అయినా ఆవిడ మాటను ఇంకోలా ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తోచదు.

వానలు తగ్గాక కూతురే మిన్నీ బే వచ్చి తల్లిని ఇంటికి తీసుకెళ్లింది. తర్వాత ఒకరోజు ఆవిడ ఎండుచేపలు పట్టుకుని దుకాణానికి వచ్చింది. అల్లుడు పాత ఇంజనొకటి బాగుచేయించి బిగించాడట.

"మాట్లాడుతున్నాడా?" అన్నాను.

"అన్నం తిన్నావా అని అడుగుతాడు."

"మరి ఎదురింటి అతను?"

"తలొంచుకుని పోతాడు. నానూ అంతే."

ఫెర్రీకి టైమైందని లేచింది. చేయి పట్టుకుని రోడ్డు దాటించి వచ్చాను.