భావనపాడు మొగ దగ్గర రెండు పడవలు

యూరపు యుద్ధానికి రెండేళ్ల ముందు, వైశాఖంలో, నన్ను టెక్కలి నుంచి భావనపాడు రేవుకు సహాయ సర్వేయరుగా వేశారు. పడవలను కొలిచి, చెక్క, అతుకులు, తెరచాపలు చూసి, సముద్రం మీదికి పనికొస్తాయో లేదో కాగితం రాసివ్వడం ఆ ఉద్యోగం. చేరిన మూడో వారంలోనే మా పై అధికారి ఒక పని అప్పగించారు. ఆయన ఇంగ్లీషు దొర. రేవుల తనిఖీకి తీరం వెంబడి తిరగడానికీ, ఏటా గోపాలపురంలో దొరలు పెట్టుకునే పడవల పందేనికీ ఒకటే పడవ కావాలన్నారు. కలకత్తా నుంచి రెండు పాత తెరచాప పడవలు తెప్పించారు. వాటిలో ఏది ఉంచుకోవాలో నేను నివేదిక రాయాలి. అది బాగుంటే పూర్తి సర్వేయరును చేయిస్తానని కూడా అన్నారు. ఆ మాట విన్నాక వారం రోజులు నాకు తిండి సహించలేదు.

మొదటి పడవ ఇరవైనాలుగు అడుగులు. వెడల్పూ బరువూ ఎక్కువ. అడుగు దూలానికి సీసపు దిమ్మ బిగించి ఉండటం వల్ల ఎంత గాలికి ఒరిగినా మళ్లీ లేచేది. ఇద్దరు పడుకునే గది, బొగ్గుల పొయ్యి ఉన్నాయి. నీటిలో నాలుగున్నర అడుగులు దిగేది. రెండోది ఇరవై అడుగులు, సన్నం, గది లేదు. సీసం బదులు నడుమ నీళ్లలోకి దిగే ఒక ఇనుప పలక ఉండేది. తాడుతో దాన్ని పైకి లాగితే అడుగున్నర నీళ్లు చాలు. గాలి పెరిగితే మాత్రం మనుషులు ఒక పక్కకు వేలాడి దాన్ని నిలబెట్టాలి. రేవు జనం మొదటిదాన్ని గేదె అనీ, రెండోదాన్ని లేడిపిల్ల అనీ పిలిచారు. ప్రయాణానికి గేదె సురక్షితమనీ, పందేనికి లేడిపిల్ల మేలనీ నేను చిత్తుప్రతి రాసేశాను. తేల్చుకోవడానికి రెంటినీ సముద్రం మీద నడిపి చూద్దామన్నారు దొర.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. పొద్దున్నే పోటు మీద, అంటే నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, బయలుదేరాం. లేడిపిల్లలో దొర, నేను. గేదెలో రేవు తండేలు లచ్చన్న, అతని బావమరిది. తండేలంటే పడవకు పెద్ద; గాలి, నీళ్ల విషయంలో అతని మాటే మాట. ఎక్కబోతూ లచ్చన్న నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఎండలకి మొగ పూడిపోనాది. పాటు తియ్యకముందే లోనికొచ్చీవాల. దొరగారికి సెప్పు."

దొరకు తెలుగు రాదు. దుబాసీ పనీ నాదే. చెబుతాలే అన్నాను.

దూరంగా లంగరు వేసిన పీపాను చుట్టి రావడం పందెం. లేడిపిల్ల చాలా ముందు వచ్చింది. దొర చిన్నపిల్లాడిలా నవ్వి, గేదెకూ చెయ్యూపి, మరోసారి వెళ్దామన్నారు. పాటు మొదలై మొగలో నీళ్లు తగ్గుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. మాట నోటిదాకా వచ్చింది. ఆయన అంత సంతోషంగా ఉన్నప్పుడు అడ్డు చెప్పడం ఎందుకులే అని మింగేశాను.

రెండోసారి దక్షిణపు గాలి లేచింది. లేడిపిల్లలోకి నీళ్లు కొట్టాయి. నేను తోడుతూనే ఉన్నాను. గేదె మమ్మల్ని నిదానంగా దాటిపోయింది. పీపా చుట్టి తిరిగేసరికి లేడిపిల్ల మళ్లీ ముందయింది. మొగంతా అలలు తెల్లగా విరుగుతున్నాయి. దొర పలక పైకి లాగించి, ఒక అల వెనక పడవను వదిలారు. ఇసుక మీద జారినట్టు లోపలికి వచ్చేశాం. వెనక గేదె వచ్చింది. ఒక్కసారి దాని అడుగు ఇసుకకు తగిలింది. తెరచాప కొయ్య పైదాకా అదరడం ఒడ్డు నుంచి కనిపించింది. ఇంకాస్త ముందుకు వస్తే అల దాన్ని అడ్డంగా పడేసేది. లచ్చన్న ఎలాగో తిప్పుకుని బయటికి పోయాడు. తెరచాప ఉత్తరంగా పోతూ పోతూ కనిపించకుండా పోయింది. ఆ అలల మీద తెప్ప వేయడానికి ఎవరూ సాహసించలేదు.

లచ్చన్న భార్య పోలమ్మ ఒడ్డుకు వచ్చింది. ఏడవలేదు.

"మా ఓడు నీకు సెప్పి ఎక్కినాడు. నాను ఇన్నాను. నువ్వు దొరకి సెప్పినావా?"

"లేదు," అన్నాను.

ఆమె ఇసుక మీదే కూర్చుంది. నేను జెండా కొయ్యకూ నీటి అంచుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. తంతి కోసం నౌపడా స్టేషనుకు నడిచాను, తిరిగి వచ్చాను, మళ్లీ నడిచాను. మర్నాడు మధ్యాహ్నం బారువ నుంచి తంతి వచ్చింది. గేదె అక్కడ లోతు నీళ్లలో లంగరు వేసింది. మనుషులిద్దరినీ అలల మీద నడిచే మసూలా పడవ ఒడ్డుకు చేర్చింది.

మూడోనాడు లచ్చన్న రైలు దిగాడు. అడుగు తగిలిన అదురుకు చుక్కాని పిడి కొట్టి, ఎడమచేతి వేళ్లు రెండు విరిగాయి.

"గేదె మంచిదే బాబూ. దానికి లోతు గావాల. మనకాడ లోతు నేదు," అన్నాడు. కట్టు కట్టిన చెయ్యి చూపించి, "నీ మీద కోపం నేదని సెప్పను," అన్నాడు.

నివేదిక మళ్లీ రాశాను. బారువలాగా బయటే లంగరు వేసే రేవులకు గేదె, ఉప్పుటేళ్ల రేవులకు లేడిపిల్ల. ఒకే పడవ రెండు పనులకూ రాదు. చివరి పేరాలో తండేలు హెచ్చరించాడనీ, నేను దాన్ని దొరకు చేర్చలేదనీ రాశాను. దొర చదివి, "నేనూ అడగలేదు," అని సంతకం చేశారు. గేదెను కలకత్తా తిప్పి పంపారు. లేడిపిల్ల గోపాలపురంలో చివరి నుంచి రెండోదిగా వచ్చింది. నేను పూర్తి సర్వేయరు కావడానికి నాలుగేళ్లు పట్టింది. లచ్చన్న వేళ్లు మళ్లీ తిన్నగా రాలేదు. ఆ తర్వాత పడవెక్కే ముందు అతను దొర ఎదురుగానే మాట్లాడేవాడు. నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తయ్యేదాకా కదిలేవాడు కాదు.

నేను పడవలను అంగుళాలతో సహా కొలిచాను. అవి తిరిగి రావలసిన దారిని కొలవలేదు. కొలిచినవాడు చెబితే పైకి చేర్చలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పడవకు కాగితం రాసినా, పాటు వేళ మొగలో నీళ్లెంతో, ఆ సంగతి నాకు ఎవరు చెప్పారో మొదటి వరుసలో రాశాను.