వియ్యాలవారికి సింగపూరు చూపించడం

సింగపూరులో ఏమేం చూడాలని నన్ను అడిగేవాళ్ళు ఏటా ఎక్కువవుతున్నారు. ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూసి, అందులో చెప్పిన పది చోట్ల పేర్లు కాగితం మీద రాసుకుని, ఆ కాగితం నా చేతిలో పెడతారు. ఇవన్నీ ఒక్కరోజులో అయిపోతాయా అంకుల్ అంటారు. అయిపోతాయి. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు భోజనం అయిపోయినట్టు అయిపోతాయి.

నేను ఈ ఊరికి ఓడలకు వెల్డింగు చేయడానికి వచ్చాను. చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు నాకు ఎవరూ చెప్పలేదు, బోర్డులు చదివి నేర్చుకున్నాను. ఇక్కడ గోడ కనిపిస్తే చాలు, దాని మీద ఏదో ఒకటి వద్దని రాసి ఉంటుంది. ఉమ్మొద్దు, రైల్లో నీళ్ళు తాగొద్దు, కంపుకొట్టే దురియన్ పండు లోపలికి తేవొద్దు. అందుకే నాకు చూడాల్సిన చోట్ల కన్నా చేయకూడని పనులే ఎక్కువ తెలుసని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. చేయనీయండి. ఆ బోర్డులు చదవబట్టే ఇన్నేళ్ళు ఇక్కడ నిలిచాను.

సరే, అడిగారు కాబట్టి చెబుతున్నాను. సింహం తల, చేప ఒళ్ళు ఉన్న ఆ తెల్ల బొమ్మ దగ్గరికి పొద్దున్నే ఏడింటికి వెళ్ళండి. తొమ్మిది దాటితే బొమ్మ కనబడదు. దాని నోట్లోంచి పడే నీళ్ళని దోసిట్లో పడుతున్నట్టు ఫొటోలు దిగేవాళ్ళ వీపులు కనబడతాయి. అక్కణ్ణుంచి రాఫెల్స్ ప్లేస్ నడకదూరమే గానీ మధ్యాహ్నం పన్నెండుకి మాత్రం వెళ్ళకండి. బ్యాంకుల్లోంచి జనం మెడల్లో కార్డులు వేలాడేసుకుని ఒక్కసారే భోజనాలకు దిగుతారు, అందులో సగం మనవాళ్ళే. తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనబడితే అది చెత్త కాదు. చోప్ చేశారని అర్థం, అంటే మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టన్నమాట. తీసి అవతల పారేసి కూర్చోకండి. తిన్న పళ్ళెం మీరే తీసుకెళ్ళి దాని చోట పెట్టండి. ఎవరో వచ్చి తీస్తారని కాళ్ళు చాపుకుని కూర్చునే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇవన్నీ నేను ఎవరికైనా మొహమాటం లేకుండా చెప్పేస్తాను. మా వియ్యంకుడికి మాత్రం చెప్పలేకపోయాను.

మా అమ్మాయిని కాకినాడలో ఇచ్చాం. పర్మిట్ మీద వచ్చిన కూలీకి ఇక్కడ సంసారం పెట్టే వీల్లేదు. నాకు ఆ వీలు వచ్చి, మా ఆవిడ జురాంగ్ వెస్ట్ ఫ్లాట్లో అడుగుపెట్టేసరికి అమ్మాయి పెళ్ళయిపోయింది. అది పెరగడం నేను ఫొటోల్లో చూశాను. పాలపళ్ళు ఊడిన ఫొటో, లంగాఓణీ ఫొటో, డిగ్రీ ఫొటో. పెంచలేకపోయినవాణ్ణి, కనీసం దాని కాపురంలో నా వల్ల ఒక్క మాట రాకూడదని గట్టిగా అనుకున్నాను. పైగా వియ్యంకుడు రిటైరైన హెడ్మాస్టరు. నేను అయిదో తరగతి. ఆయన మాట్లాడుతుంటే నాకిప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తుంది.

వియ్యంకుడూ వియ్యపురాలూ మొదటిసారి మా ఇంటికి వచ్చిన నాలుగో రోజున, వంతెన దాటి మలేషియాలోని జొహోర్ కూడా చూసొద్దామని ఆయనే అన్నారు. రెండు దేశాలు చూసినట్టుంటుందని సరదా. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఉండిపోయింది. వంతెన దాటేవాళ్ళకి నేను చెప్పేది, శనివారం వెళ్ళకండి, తిరిగి లోపలికి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో చూసుకోండి. ఈ రెండూ చూశాను. మూడోది ఒకటుంది. ఎవరిని వంతెన దాటించినా, తిరుగు బస్సెక్కే ముందు సంచులు విప్పించి చూస్తాను. పొగాకు, జర్దా, చూయింగ్ గమ్, పేరు తెలియని పొడులు, ఏముందో అడుగుతాను. నా మీద కోపం వచ్చినా సరే అడుగుతాను. ఆ రోజు అడగలేదు. మగపెళ్ళివారి సంచి విప్పమని ఆడపిల్ల తండ్రి ఎలా అడుగుతాడు?

అడగాల్సిన అవసరం కళ్ళెదుటే కనబడింది. భోజనం అయ్యాక వియ్యపురాలు ఒక తమిళవాళ్ళ సరుకుల కొట్లోకి వెళ్ళి అరగంట ఉన్నారు. మేమిద్దరం బయట ఎండలో నిలబడ్డాం. ఆవిడ గుడ్డసంచి నింపుకుని నవ్వుకుంటూ వచ్చారు. నేను ఆ సంచి వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశాను.

బస్సు వంతెన దాటింది. సింగపూరు వైపు దిగి, మెట్లెక్కి, పాస్‌పోర్టులు చూపించి, సంచుల్ని మిషన్లో పెట్టే హాల్లోకి వచ్చాం. అక్కడ రెండు దారులుంటాయి. చెప్పడానికేమీ లేనివాళ్ళకి పచ్చ దారి, చెప్పాల్సింది ఉన్నవాళ్ళకి ఎర్ర దారి. ఆ రెండూ చీలే చోటికి ఇంకా పది అడుగులు ఉందనగా వియ్యపురాలు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

"అన్నయ్యగారూ, వదినగారికి చెప్పకండేం. రేపు కోడికూర నేనే వండుతాను. ఇక్కడ గసగసాలు దొరకవని ఆవిడ మొన్న బాధపడ్డారు గదా, అరకిలో తీసుకున్నాను."

నేను నిలబడిపోయాను. వెనకవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని ముందుకు పోతున్నారు.

గసగసాలు ఈ దేశంలో ఎందుకు దొరకవో మా ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను. నల్లమందు మొక్క విత్తనాలవి. వంతెనకి అవతల కొట్లో జీలకర్ర పక్కనే అమ్ముతారు. ఇవతల అనుమతి లేకుండా తెస్తే మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. పూర్వం నాతో ఒకే గదిలో ఉన్న వెల్డరు ఒకతను, వాళ్ళమ్మ కట్టి ఇచ్చిన నాటుమందు పొట్లంతో ఇలాంటి హాల్లోనే దొరికాడు. అదేమిటో పరీక్ష చేసి, ఏమీ లేదని రెండు రోజులకు వదిలారు. ఈలోగా మా కంట్రాక్టరు అతని పని ఇంకొకడికి ఇచ్చేశాడు. పెట్టె సర్దుకుంటూ అతను పొట్లం కట్టిన తల్లిని తిట్టడం నాకింకా వినబడుతోంది.

విషయం ఇద్దరికీ చెప్పాను. వియ్యంకుడు ముందు నవ్వారు.

"గసగసాలకి కూడా పోలీసులేంటండీ బావగారూ. గంజాయి కాదు గదా."

ఎర్ర దారిలో వెళ్ళి మనమే చెప్పేద్దామన్నాను. ఆయన నవ్వు ఆగింది. పచ్చ దారిలో నడిచిపోదాం, ముసలివాళ్ళని ఎవరాపుతారన్నారు. మిషన్ వయసు చూడదన్నాను. స్తంభం పక్కన చెత్తడబ్బా ఉంది, అందులో పడేస్తే పోతుందన్నారు. ఇంత లోపలికి వచ్చాక పారేస్తే దాచడానికి చూసినట్టవుతుందన్నాను. మాటకి మాట చెబుతున్నానని ఆయనకి అర్థమైంది. ఆయన అలవాటు పడింది అందుకు కాదు.

"మా ఆవిడ్ని యూనిఫాం వాళ్ళ ముందు నిలబెడతారన్నమాట," అన్నారు చాలా నెమ్మదిగా. "ఇంటికెళ్ళాక మా కోడలికి ఈ సంగతి ఎలా చెప్పమంటారు?"

బెత్తం అక్కర్లేని మాస్టారి గొంతు అది. మా కోడలు అన్న మాట ఆయన ఊరికే వాడలేదని నాకు తెలుసు. నాకు కోపం ముంచుకొచ్చింది. ముందు ఆయన మీద, ఆ వెంటనే నా మీద. ఎండలో ఆ కొట్టు ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఇంత ఉండేది కాదు. పచ్చ దారి వైపు చూశాను. జనం చకచకా పోతున్నారు. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు నాకూ పోదామనిపించింది. దొరకకపోతే ఎవరికీ ఏమీ లేదు. దొరికితే ఆవిడ ఏ గదిలో కూర్చుంటుందో, ఎన్నాళ్ళు కూర్చుంటుందో నాకు తెలియదు.

సంచి నాకివ్వండమ్మా, నాదని చెబుతాను అన్నాను.

ఆవిడ సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "కొన్నది నేనైతే మీదని అబద్ధం ఎందుకండీ?" అన్నారు. తర్వాత భర్త వైపు తిరిగి, "మీరు ఆ కుర్చీలో కూచోండి, మీకు బీపీ," అని ఎర్ర దారిలోకి నడిచారు. నేను వెనకాల పరిగెత్తినట్టే వెళ్ళాను.

అక్కడున్న ఆఫీసరు తలకి ముసుగు కట్టుకున్న మలయ్ అమ్మాయి. మా వియ్యపురాలు పొట్లం తీసి బల్ల మీద పెట్టి తెలుగులోనే చెప్పారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎవరు కొన్నారు, ఎందుకు, ఇంకేమైనా ఉందా అని ఆ అమ్మాయి అడిగింది. సంచి మొత్తం విప్పింది. నువ్వులు, ఎండుకొబ్బరి, స్టీలు గరిటె. పాస్‌పోర్టులు మూడూ, కుర్చీలో ఉన్న వియ్యంకుడిది కూడా, తీసుకుని, పొట్లం పట్టుకుని లోపలికి వెళ్ళింది.

కూర్చున్నాం. వియ్యంకుడు మాకు రెండు కుర్చీల అవతల కూర్చున్నారు. పాస్‌పోర్టు చేతిలో లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. మొదటి కంపెనీలో నా పాస్‌పోర్టు మేస్త్రీ బీరువాలో ఉండేది, అప్పట్నుంచీ నాకది పడదు. ఆ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టాను. ప్రతిసారీ వేరే ఎవరో వచ్చారు. వియ్యపురాలు చీర కొంగుని వేలికి చుట్టి విప్పుతున్నారు. ఒక్కసారి మాత్రం అడిగారు, "జైల్లో పెడతారా అన్నయ్యగారూ?" పెట్టరమ్మా, మనమే చెప్పాం గదా అన్నాను. ఆ సంగతి నాకు తెలిసి అన్నది కాదు.

గంట దాటాక ఆ అమ్మాయి వచ్చింది. పొట్లం తిరిగి ఇవ్వరు, ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, మీ అంతట మీరు వచ్చి చెప్పారు కాబట్టి హెచ్చరించి వదిలేస్తున్నాం, ఇంకెప్పుడూ తేవొద్దు. నేను ఒక్కో మాటా తెలుగు చేశాను. వియ్యపురాలు సంతకం పెట్టి, పెన్ను తిరిగిచ్చేస్తూ, కూర చిక్కగా రావడానికి వీళ్ళు మరేం వేస్తారో అడగమన్నారు. అడగనన్నాను. అడగమన్నారు. అడిగాను.

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. "క్యాష్యూ లా, ఆంటీ." జీడిపప్పని నేను తెలుగు చేశాను, లా అన్నది ఇక్కడివాళ్ళ ఊతపదం.

బస్సులో వియ్యంకుడు మాకు దూరంగా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. ఇంటికి చేరాక ఫోను పట్టుకుని బయటి వసారాలోకి వెళ్ళారు. ఆయన గొంతు లోపలికి వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదు. కాకినాడకే చేశారని తెలుసు. మా ఆవిడ నన్ను చూసి, ఏమైందని అడగకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. మామయ్యగారు అంతా చెప్పారంది, అత్తయ్యగారు గంటసేపు కూర్చున్నారట, సంతకం కూడా పెట్టారట.

"ఊళ్ళో అందరి సంచులూ వెతుకుతావు గదా నాన్నా, వీళ్ళది ఎందుకు చూడలేదు?"

మర్యాద కాదని చూడలేదన్నాను.

"ఆ మర్యాద నా కోసమేనా?"

అవునమ్మా అన్నాను.

"అయితే నేనే చెబుతున్నాను, ఇక మీద చూడు. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను." ఆ వెంటనే, "మామయ్యగారికి కూడా ఇదే మాట చెప్పాను," అంది.

ఏమన్నారని అడిగాను. ఫోను పెట్టేశారంది.

ఆ రోజు పూలతోట చూడటానికి వెళ్ళాలి. వెళ్దామా మానేద్దామా అని నేను తేల్చుకోలేకుండా ఉండగా వియ్యంకుడు గదిలోంచి తయారై వచ్చారు. భుజాన ఉన్న బ్యాగు తీసి భోజనాల బల్ల మీద పెట్టారు. జిప్పు పూర్తిగా లాగి, చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నా వైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళిద్దరూ నిలబడ్డారు.

వద్దులెండి బావగారూ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. బ్యాగు దగ్గరికి లాక్కున్నాను. గొడుగు, నీళ్ళ సీసా, డాక్టరు చీటీతో సహా బీపీ మాత్రలు, కళ్ళజోడు పెట్టె, ఒక చిన్న పొట్లంలో వక్కపలుకులు. పొట్లం విప్పి వాసన చూశాను. పక్క అరలు రెండూ చూశాను.

"అయిందాండీ?" అన్నారు ఆయన, కిటికీలోంచి బయటికే చూస్తూ.

అయిందన్నాను.

"పదండి మరి. ఎండెక్కుతుంది."