సోమవారం దాకా తెరవని పేపరు

మా అక్క ఎడమచేతికి రెండు సూదులు గుచ్చేవారు. ఒకదానిలోంచి రక్తం యంత్రంలోకి వెళ్లేది, రెండోదానిలోంచి తిరిగి వచ్చేది. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి ఖాళీగా ఉండేది. ఆ చేతిలో పెన్సిలు పట్టుకునేది.

వారానికి మూడు రోజులు డయాలసిస్: సోమ, బుధ, శుక్ర. జల్‌పల్లిలో మా ఇంటి నుంచి ఆటోలో బార్కస్ మీదుగా ఏడున్నరకల్లా సెంటరుకు చేరాలి. బరువు చూసి, సూదులు పెట్టి, యంత్రం మొదలుపెట్టేసరికి ఎనిమిదయ్యేది. అప్పుడు నేను ఆనాటి పేపరులోంచి గళ్ల నుడికట్టు కత్తిరించేవాణ్ణి. గళ్లున్న ముక్కను అట్టకు క్లిప్పు పెట్టి ఆమెకిచ్చి, ఆధారాలున్న ముక్క నా దగ్గర ఉంచుకునేవాణ్ణి. నేను చదవాలి, ఆమె నింపాలి.

అక్క ఏడో తరగతితో చదువు మానేసింది. అమ్మ పోయింది కాబట్టి మానేసింది. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఇంట్లో బర్రెలుండేవి. పొద్దున పాలు పోసి వచ్చి నాకు అన్నం పెట్టి బడికి పంపేది. ఆమె పంపిన బడి వల్లనే నేను పత్తర్‌గట్టి వెనక సందులో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దగలిగాను. పెళ్లి చేసుకోలేదు. బావ పోయాక ఆమె నా దగ్గరికే వచ్చింది.

మొదటి వారం ఆధారం చదివి, నేనే జవాబు కూడా చెప్పేసేవాణ్ణి. మూడోరోజు ఆమె పెన్సిలు దుప్పటి మీద పడేసింది.

"నువ్వే చదివి నువ్వే చెప్పుకో. నేనెందుకు ఈడ? సూదులు గూడ నువ్వే పొడిపిచ్చుకో."

అప్పటినుంచి జవాబు చెప్పే హక్కు నాకు లేదు.

పక్క మంచం మీద బార్కస్ పెద్దాయన ఉండేవాడు. వాళ్ల తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్లు. యాభై ఏళ్లు లుంగీల దుకాణం నడిపాడు. తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. మేం భాయ్ సాబ్ అనేవాళ్లం. ఆయన మా అక్కను అక్కా అనేవాడు.

"నువ్వు నాకంటె పదేండ్లు పెద్దోనివి. నన్ను అక్క అంటవా?" అంది ఆమె ఒకరోజు.

"మెషిన్ మీదికి నాకంటె ముందొచ్చినవ్ గద. సీనియర్‌వి."

ఆధారాలు ఆయన చెవితో వినేవాడు. చాలాసార్లు ఆయనే ముందు చెప్పేవాడు. ఒకసారి నేను చదివాను: "అడ్డం నాలుగు. ఎడారిలో పోయే వర్తకుల గుంపు. మూడక్షరాలు."

"కాఫిలా!" అన్నాడు. "రాయి అక్కా. మా తాతలు గట్లనే వచ్చిండ్రు."

"మొన్న ఓడల వచ్చిండ్రంటివి?"

"ఓడ దిగినంక ఒంటె."

అక్క వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. మూడు గళ్లకూ సరిపోయింది. తర్వాత నా వైపు చూసింది. "తమ్మీ, నీ మొకమెందుకు గట్లయింది? తప్పా?"

"నేను జెప్పొద్దు గద."

"జెప్పకు. మొకం గూడ పెట్టకు."

జవాబుల్లో అది బిడారు అని వచ్చింది. భాయ్ సాబ్ ఒప్పుకోలేదు. పేపరువాళ్లు ఒంటెను చూసి ఉండరన్నాడు. అక్క దగ్గు వచ్చేదాకా నవ్వింది. కాఫిలాను చెరపలేదు.

ఏ రోజు నుడికట్టుకైనా జవాబులు మర్నాటి పేపరులో వస్తాయి. మర్నాడు మాకు డయాలసిస్ ఉండదు. అందుకని భాయ్ సాబ్ ఒక నియమం పెట్టాడు. జవాబుల పేపరు ఇంట్లో ఎవరూ తెరవకూడదు. మడత విప్పకుండా తెచ్చి, ఇక్కడ అందరి ముందూ విప్పాలి. ముందే చూసినవాడు దొంగ. నేను మధ్య రోజు పేపరును అలాగే అక్క సంచిలో, దుప్పటి పక్కన పెట్టేవాణ్ణి. లోకంలో ఏం జరిగినా మాకు ఒకరోజు ఆలస్యంగా తెలిసేది.

ఆ సెంటరులో మంచాలు ఖాళీ అవుతుండేవి. రెండు రోజుల్లో కొత్త మనిషి వచ్చేవాడు. పాత మనిషి ఏమయ్యాడని ఎవరూ అడిగేవారు కాదు. భాయ్ సాబ్ ఆ నియమం ఎందుకు పెట్టాడో నాకు అర్థమైంది. జవాబు వినాలంటే మళ్లీ రావాలి.

మూడో ఏడు అక్కకు కష్టమైంది. యంత్రం మీద ఉండగానే బీపీ పడిపోయేది. పిక్కలు పట్టేసేవి. నేనూ సిస్టరూ చెరో కాలు పట్టుకుని నొక్కుతుంటే పళ్లు బిగబట్టేది. రోజంతా కలిపి రెండు గ్లాసుల నీళ్లే తాగాలి. ఎండాకాలంలో ఐసు ముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగిపోతుంటే ఏడ్చింది. అంతకుముందు ఆమె ఏడవడం నేను చూడలేదు.

ఒక బుధవారం తిరిగి వస్తుంటే ఆటోలో అంది: "తమ్మీ, ఇగ చాలు."

"ఏం చాలు?"

"గీ సూదులు. బందు జేద్దాం. ఇంట్ల పండుకుంటా. డాక్టర్ను అడిగిన. పది దినాలంట. ఆయాసం రాకుంట మందిస్తడంట. ఆయన వద్దనలే. నువ్వేమంటవ్?"

నేను ఆటో అతనితో, ముందు జామ్ ఉంది, లోపలి రోడ్డు నుంచి పోనియ్యమన్నాను.

ఆ శుక్రవారం నుడికట్టులో ఒక్క మాట మిగిలిపోయింది. నిలువు ఐదు: మగ్గంలో అటూ ఇటూ తిరుగుతూ నూలు అల్లేది, రెండక్షరాలు. మొదటి గడిలో 'నా' వచ్చింది. రెండోది ఖాళీ. భాయ్ సాబ్ తల కొట్టుకున్నాడు. "యాభై ఏండ్లు లుంగీలమ్మిన. చేతుల పట్టుకొని చూసిన. పేరు నోటికొస్తలేదు." అది నాడె. నాకు చదువుతుండగానే తెలుసు. ముఖం పెట్టకుండా కూర్చున్నాను.

శనివారం పొద్దున పేపరు వచ్చింది. మడత విప్పకుండా సంచిలో పెట్టాను. సంచి అక్క మంచం మీదే, ఆమె కాళ్ల దగ్గర ఉంది.

"తమ్మీ, ఆ పేపరు విప్పు. నిలువు ఐదు ఏందో చదువు."

"ఎల్లుండి ఆడ చూద్దాం."

"ఇప్పుడే చదువు."

"భాయ్ సాబ్ దొంగంటడు."

"అననీ. నేను సోమవారం రాను. గందుకే అడుగుతున్న."

చెయ్యి చాపితే పేపరు ఆమెకే అందుతుంది. అక్షరాలు రానిది కాదు. తానే విప్పి చూసుకోవచ్చు. నన్ను చదవమంది. నేను చదివితే, ఆపడానికి సరేనన్నట్టు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తర్వాత తెలిసిందని చెప్పుకోవడానికి లేదు.

"పేపరు విప్పకు పోనీ. నువ్వే చెప్పు. నీకు తెల్వదా?"

"తెల్వదు."

"ముప్పయ్యేండ్లు ప్రూఫులు చూసినోనికి గది తెల్వదా?"

"తెల్వదక్కా. సోమవారం పోదాం. నాకోసం కాదు, భాయ్ సాబ్ ఎదురుచూస్తుంటడు. చూసొద్దాం."

ఆమె చాలాసేపు నన్ను చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది. "సరే. సోమవారం."

సోమవారం భాయ్ సాబ్ ముందు పేపరు విప్పి చదివాను. ఆయన కుడిచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నాడె! లుంగీలు నేసి తెచ్చిచ్చే సాలాయన వందసార్లు అన్నడు. నాడె!" అక్క శుక్రవారం ముక్కను తీసి, రెండో గడిలో అక్షరం రాసింది. తలెత్తకుండా, నాకు మాత్రం వినబడేటట్టు అంది.

"నీకు తెల్సు."

"తెల్సు."

"ఇయ్యాల్టిది చదువు."

ఆపేద్దామని ఆమె మళ్లీ నన్ను అడగలేదు. ఐదు వారాలు వచ్చింది. రెండో వారంలో చేతి నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేశారు. ఐదో వారంలో ఆ గొట్టం దగ్గర చీము పట్టి చలిజ్వరం వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. నోట్లో గొట్టం పెట్టారు, దాంతో మాట లేదు. ఆ గొట్టం పీక్కుంటోందని రెండు చేతులూ మంచానికి కట్టారు. కుడిచెయ్యి కూడా. అలా నాలుగు రోజులు. లోపలికి పొద్దునా సాయంత్రం పది నిమిషాలు నన్ను రానిచ్చేవారు. ఐదోరోజు లోపలికి పిలిచి చెప్పారు.

ఆమె అడిగింది మా ఇంట్లో, తన మంచం మీద, పది రోజులు. నోట్లో ఐసు ముక్క.

పన్నెండు రోజులయ్యాక ఒక సోమవారం సెంటరుకు వెళ్లాను. భాయ్ సాబ్‌కు చెప్పాలి కదా అనుకున్నాను. ఆమె మంచం మీద ఎవరో నడివయసు మనిషి నిద్రపోతున్నాడు. భాయ్ సాబ్ ముందే తెలుసుకున్నాడు. నన్ను తన మంచం పక్కన స్టూలు మీద కూర్చోమన్నాడు.

"బాధ పడ్డదా?"

"పడ్డది."

యంత్రం తిరుగుతోంది.

"ఆ నాడె దినం నువ్వు చాయ్‌కు పోయినవ్ సూడు," అన్నాడు. "అప్పుడడిగిన. అక్కా, బందు జేస్తనంటివి గద, మల్ల ఎందుకొచ్చినవ్ అని. నాకు ముందే జెప్పింది, నీకు జెప్పకముందే. ఏమన్నదో ఎరికేనా? 'తమ్ముడింక తయారుగ లేడు భాయ్ సాబ్. జర ఆగుదాం' అన్నది."

ఆయన నా ఒళ్లో సంచి వైపు చూశాడు.

"పేపరు తెచ్చినవా?"

తెచ్చాను. ఆమె సంచిలోనే తెచ్చాను, అలవాటు కొద్దీ. అట్టా క్లిప్పూ కూడా అందులోనే ఉన్నాయి. ఆయన రాయలేడు కాబట్టి నేనే పెన్సిలు పట్టుకున్నాను. ఆధారాలు చదివాను, ఆయన చెప్పింది రాశాను. మూడు మాటలు మిగిలాయి. వాటిలో రెండు నాకు తెలుసు. చెప్పలేదు.

లేచేటప్పుడు ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. "బుధవారం జవాబులు తే. ఇంట్ల చూడకు."

తెస్తానన్నాను.

మంగళవారం పేపరు వచ్చింది. మడత విప్పకుండా సంచిలో పెట్టాను. బుధవారం స్నానం చేసి, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎప్పుడూ వచ్చే ఆటో వచ్చింది. ఈరోజు లేదని పంపేశాను. శుక్రవారమూ వెళ్లలేదు. ఆ తర్వాత ఆటో రావడం మానేసింది.

ఆ పేపరు ఇప్పటికీ సంచిలోనే ఉంది. తెరవలేదు.