ఆళ్ళగడ్డలో ఆగని డిస్క్ లైటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నంద్యాలలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. మిషన్ దానంతట అదే ఏదో చేస్తోందని ఎవరైనా వస్తే, ఆ పని చేస్తున్న ప్రోగ్రాం పేరు చూపించి పంపిస్తాను. ఒక్కసారి మాత్రం చూపించలేకపోయాను.

ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే రాజేశ్వరి ఫోన్ చేసింది. కంప్యూటర్ కదలడం లేదని, ముందున్న ఎర్రలైటు ఆగకుండా మిణుకుతోందని చెప్పింది. హార్డ్ డిస్క్‌ను ఏదైనా ప్రోగ్రాం వాడుతుంటే వెలిగే లైటు అది. మర్నాడు పొద్దున బస్సెక్కి వెళ్ళాను.

షెడ్డులో ఒక అమ్మవారి విగ్రహం కళ్ళు తప్ప పూర్తయి ఉంది. కళ్ళు చెక్కడం ఎప్పుడూ వాళ్ళ నాయన వీరాచారి పనేనట. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఒక్క దెబ్బ తప్పినా రాయి మొత్తం వృథా. రాజేశ్వరికి ధైర్యం చాలక ఆ పని వాయిదా వేస్తోంది.

కంప్యూటర్ పక్కగదిలో ఉంది. దాని ముందే కుర్చీలో వీరాచారి.

"డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉండాయక్కా. దీంట్లో దాచుకునేటివి ఏం లేవు. తుడిచేసి కొత్తగా వెయ్యి," అంది రాజేశ్వరి.

కారణం తెలియకుండా తుడిచేయడం నా పద్ధతి కాదు. కేబినెట్ విప్పి రాతిపొడి ఊది, మళ్ళీ ఆన్ చేశాను. హార్డ్ డిస్క్ వాడకం నూటికి నూరు చూపిస్తోంది. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకుంటోందో చూపే రిసోర్స్ మానిటర్ తెరిచాను. యాంటీవైరస్ కనిపించింది, ఆపాను. ఫైళ్ళను వెతికిపెట్టే సర్వీసును ఆపాను. అప్‌డేట్లూ ఆపాను. మామూలుగా అంతటితో సరిపోతుంది.

లైటు ఆగలేదు. ఒకే ఫైలు మళ్ళీ మళ్ళీ చదవబడుతోంది. పాత ఫోన్ నుంచి ఎప్పుడో ఎక్కించిన వీడియో అది. విండోసే చదువుతోందేమో అనుకున్నాను.

అందుకే నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న వేరే సిస్టంతో కంప్యూటర్ స్టార్ట్ చేశాను. అలా చేస్తే ఆ డిస్కులోని ప్రోగ్రాం ఒక్కటీ నడవదు. అయినా లైటు మిణుకుతూనే ఉంది. అదే ఫైలు. ప్రోగ్రాం పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అలాంటిది చూడలేదు.

వీడియో తెరిచాను.

వీరాచారి ఒక విగ్రహానికి కన్ను చెక్కుతూ, ఎలా చెయ్యాలో కూతురికి చెబుతున్నాడు. ఫోన్ పట్టుకున్నది రాజేశ్వరేనట, ఆ సంగతే మర్చిపోయిందట. స్పీకర్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"రెప్ప కింద ఉలి పడుకోబెట్టుమ్మా. ఊపిరి బిగబట్టాకు. రాయి యాడికీ పోదు, నువ్వు భయపడాకు."

రాజేశ్వరి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కుర్చీలో ఉన్న వీరాచారి పెదవులు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి, శబ్దం లేకుండా. వీడియో అయిపోగానే ఎడమచెయ్యి ఎత్తి, మళ్ళీ వెయ్యమన్నట్టు తెర వైపు చూపించాడు. మళ్ళీ వేశాను. రెండోసారి అయిపోయాక చూస్తే లైటు ఆగి ఉంది. కంప్యూటర్ మామూలుగా పనిచేసింది.

ఆ వారంలోనే రాజేశ్వరి తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అమ్మవారి కళ్ళు చెక్కింది. ఫోటో పంపింది. రెండు కళ్ళూ చక్కగా కుదిరాయి.

కారణం తేల్చుకోవాలని వాళ్ళకు కొత్త డిస్క్ వేసి, వీడియో అందులోకి ఎక్కించి, ఆ పాతది షాపుకు తెచ్చి నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. లోపం లేదు, వైరస్ లేదు. ఆ ఫైలు దానంతట అది మళ్ళీ ఎప్పుడూ చదవబడలేదు. నాకు తెలిసిన కారణాలు ఒక్కొక్కటే పెట్టి చూశాను. నా పెన్‌డ్రైవ్‌తో స్టార్ట్ చేసినా లైటు ఆగని సంగతి దగ్గరకు వచ్చేసరికి ఏదీ నిలబడదు.

ఆ ఫైలును ఎవరు చదివినారక్కా అని రాజేశ్వరి ఒకసారి అడిగింది. తెలియదని చెప్పాను.