ఆగ్నేయం మూల పొయ్యి

మా షడ్డకుడు ఒక మార్గశిరంలో ఇంటిని తోలుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

షడ్డకుడంటే తోడల్లుడు, నా భార్య చెల్లెలి మొగుడు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. పందొమ్మిది వందల అరవైల నడిమి సంగతి ఇది. అప్పటికి నేను సర్వే శాఖలో గొలుసు లాగించడం ముగించి, రిటైరై పెనుకొండలో ఉంటున్నాను. అతనూ అంగడిని కొడుకుల చేతిలో పెట్టి విశ్రాంతి తీసుకుంటున్నాడని విన్నాను. విశ్రాంతి అంటే నేను వేరే అనుకున్నాను. అతను ఎక్కడో షెడ్డులో తుప్పు పడుతున్న పాత బస్సు కొని, సీట్లు పీకించి, రెండు చెక్క మంచాలు కొట్టించి, నెత్తిన నీళ్ళ డ్రమ్ము కట్టించి, కిటికీలకు పట్టు తెరలు వేయించాడు. పట్టు తెరలు! మా ఇంట్లో దేవుడి గూటికి కూడా నూలు తెరే.

వాకిట్లో హారను మోగింది. నా భార్య చేతిలో చాట పట్టుకుని బయటికి వెళ్ళి, అలాగే నిలబడిపోయింది.

"వదినా, చూడు, ఇల్లు! యాడ నిలిపితే ఆడ మన ఊరు," అన్నాడు అతను దిగుతూ. "దచ్చిణాన సముద్రం పక్కన ఎర్ర ఇసుక దిబ్బలుండాయి. చీరలు అమ్మను పోయినప్పుడు చూసినా. చెట్టు లేదు, చేమ లేదు, ఎడారే అనుకో. చలికాలమంతా ఆడ వెచ్చగా ఉంటాది. నీ ఊపిరి కోసరమే ఈ బండి. అందరమూ పోతాండాము."

నాకు అక్కడే కాలింది. కారణం ఉంది.

నా భార్యకు ఉబ్బసం. కొండ మీది నుంచి దిగే చలిగాలికి పుష్యమాసమంతా గోడకు దిండు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. హిందూపురంలో ఒక డాక్టరు, "ఎంత మందు మింగినా ఇంతేనమ్మా. చలి రోజులు వెచ్చగా, పొడిగా ఉండే ఇసుక నేల మీద గడిపితే ఊపిరి తిరుగుతుంది" అన్నాడు. ఆ డాక్టరు ముందే నేను ఆమెకు మాట ఇచ్చాను, రిటైరయ్యాక తీసుకుపోతానని. ఇచ్చిన మాట మరిచిపోలేదు. రైల్వే గైడు తెప్పించాను. ఏ ఊళ్ళో ఏ సత్రం, ఎక్కడి నీళ్ళు మంచివి, అన్నీ విచారించి రాసుకున్నాను. అన్నీ పక్కాగా కుదిరితే తప్ప నేను అడుగు వేయను. అలా కుదుర్చుకోవడంలోనే రెండు చలికాలాలు గడిచాయి. నేనివ్వాల్సిన ఇసుకను ఇప్పుడు అతను హారను కొట్టుకుంటూ తెచ్చి వాకిట్లో పోశాడు.

అసలు ఈ మంట కొత్తది కాదు. మా అత్తగారిది హిందూపురం. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. కాని ఆమె నోట అల్లుడంటే అతనొక్కడే. "అల్లుడొచ్చినాడు, ఓళిగలు చేయండి" అనేది. నేను వెళితే, "సర్వేయరొచ్చినాడు, చాప ఎయ్యండి" అనేది. ఆమె పోయి ఏళ్ళయినా ఆ చాప నా కింద నుంచి కదలలేదు.

ఆ రోజు డైరీ తీస్తే ఒక్క వాక్యమే కనిపిస్తుంది: బండి బాగానే ఉంది.

బయలుదేరే ముందు నా భార్య బండెక్కి లోపలంతా చూసింది. వెనక మూల కిరసనాయిలు పొయ్యి పెట్టి ఉంది. దాన్ని చూసి కిందికి దిగింది.

"ఇది ఇల్లంటాండావు గదప్పా. ఇల్లయితే పొయ్యి ఆగ్నేయంలో ఉండల్ల. ఇదేం మూల?"

"తిరిగే ఇంటికి ఆగ్నేయం యాడుంటాది వదినా?" అని అతను నవ్వాడు.

"ఉంటేనే ఎక్కుతా. లేకుంటే మీరు పోయి రాండి."

ఆమె అన్నదంటే అన్నదే. షడ్డకుడు తల గోక్కున్నాడు. ఇక్కడ నాకు అవకాశం దొరికింది. లోపలికి వెళ్ళి నా దిక్సూచి తెచ్చి, బండి ముందర నిలబడి చెప్పాను. "మనం పోయేది దక్షిణానికి. అప్పుడు బండి ముందు భాగం దక్షిణం, ఎడమ పక్క తూర్పు. అంటే ముందు ఎడమ మూల ఆగ్నేయం. పొయ్యి అక్కడ పెట్టించు. సాయంత్రం నిలిపినప్పుడు కూడా బండి ముఖం దక్షిణానికే ఉంచాలి."

నా భార్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. షడ్డకుడు మాత్రం, "అన్న బుర్రే బుర్ర" అని నా భుజం చరిచి, నా ఉపాయాన్ని కూడా తనే మంజూరు చేసినట్టు చేశాడు. కమ్మరిని పిలిపించి, ముందు ఎడమ సీటు పీకేసి, అక్కడ పొయ్యిని ఇనుప పట్టీలతో నేల చెక్కకు బిగించారు. ఆ మూలలోనే నా భార్య పాలు పొంగించింది. ఇల్లు ఇల్లయింది.

పీకేసిన ఆ సీటు నాదని బండి కదిలాక గాని నాకు తట్టలేదు. తోలేవాడి పక్కన కూర్చుని దారి చెప్పాల్సింది నేను. ఇప్పుడక్కడ పొయ్యి, పొయ్యి పక్కన పీట, పీట మీద నా భార్య. గిన్నెలు దొర్లకుండా చూసుకోవాలి, పైగా ఇంజను వెచ్చదనం రొమ్ముకు హాయిగా ఉందంది. నేను వెనక బల్ల మీద, ట్రంకు పెట్టెల మధ్య, మరదలి పక్కన.

హిందూపురం దాటేలోపే ముందు నవ్వులు మొదలయ్యాయి. అతను స్టీరింగు తిప్పుతూ ఏదో అంటాడు, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఇంజను మోతకు నాకు ఒక్క ముక్క వినిపించదు.

"ఏమంటున్నాడు?" అని కేకేశాను.

"ఏం లేదు," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

మరదలు నా వైపు చూసింది. "ఏం బావా, ముఖం మాడిన వంకాయ మాదిరి పెట్టినావు? పొయ్యి ముందరుంటే కాలేది నీకా?"

"దుమ్ము," అన్నాను.

"దుమ్మే, దుమ్మే. ఆ మూల చూపించింది నువ్వే గదా, ఇంగ మింగు."

బెంగళూరు, సేలం, మదురై. ఊళ్ళు మారాయి, నవ్వులు మారలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను ఆమెను అంతగా నవ్వించానా అని నాలో నేనే తవ్వుకుంటూ కూర్చున్నాను. నేను చెప్పే మాటలకు ఆమె తల ఊపేది. అది వేరు.

నాకు మిగిలింది సాయంత్రం ఒక్కటే. ఏ చెరువు గట్టు పక్కనో, ఏ చింత తోపు పక్కనో బండి ఆపేవాళ్ళం. నేను దిక్సూచి పట్టుకుని ముందు నిలబడి, "కొంచెం ఎడమకు... ఇంకొంచెం... చాలు" అనేవాణ్ణి. అగ్గిపెట్టె పట్టుకుని ఆమె నా మాట కోసమే కాచుకుని ఉండేది. నేను తల ఊపాకే పుల్ల గీసేది. ఆ కాస్త సేపు ఆ ఇంటికి నేనే యజమానిని.

మదురై దాటిన సాయంత్రం అదీ పోయింది. నేను దిగి దిక్సూచి తెరిచేలోపే షడ్డకుడు బండిని గిర్రున తిప్పి నిలిపేశాడు.

"ముట్టించు వదినా. కుంకే పొద్దు కుడి భుజం మీద పడ్తాండాది. ఇది దచ్చిణమే."

"ఈ నెలల్లో పొద్దు సరిగ్గా పడమట కుంకదు. దక్షిణానికి జరిగి కుంకుతుంది. నీ లెక్క ప్రకారం నిలిపితే బండి ముఖం తప్పుతుంది," అన్నాను.

నా మాట పూర్తి కాకముందే పొయ్యి మండుతోంది. "పోనీలెండి, పాపం, ఆకలేస్తాంది అందరికీ," అంది నా భార్య. ఆ పాపం ఎవరి మీదో నేను అడగలేదు. 

దిబ్బలు అతను చెప్పినట్టే ఉన్నాయి. అందులో కూడా అబద్ధం దొరకలేదు. కనుచూపు మేర ఎర్రటి ఇసుక, మన ధర్మవరం కుంకుమ రంగు పట్టు ఆరబోసినట్టు. అక్కడక్కడ తాటిచెట్లు, ఆ వెనక ఎక్కడో సముద్రం హోరు. పగలు ఇసుక వేడెక్కి సాయంత్రం దాకా ఆ వేడిని పట్టి ఉంచేది. నా భార్య అందులో కాళ్ళు పూడ్చుకుని కూర్చునేది. వారం తిరిగేసరికి దగ్గు తగ్గింది. ఒకనాటి ఉదయం ఆమె మాతో పాటు దిబ్బ ఎక్కడం మొదలుపెట్టి, ఎక్కడా ఆగలేదు. రొప్పుతూ నేనే వెనకబడ్డాను. పైన నిలబడి, నోరు మూసుకుని ముక్కుతో నిండుగా గాలి పీల్చి చూపించింది.

"మీ షడ్డకుడి పుణ్యం," అంది.

నాకు సంతోషం కలిగింది. అది నిజం. ఆ సంతోషం చుట్టూ ముళ్ళకంచె ఉన్నదీ నిజం. ఆమె పీల్చే ప్రతి ఊపిరిలోనూ అతని బండి హారను వినిపించేది.

పుష్యం వచ్చింది. అతనికి ఇసుక మొహం మొత్తింది. మంచం మీద కూర్చుని కాళ్ళు ఆడించేవాడు. మాఘంలో పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళంటే పట్టుచీరలు. కొడుకులకు సరుకు ఎంచడం రాదని పట్టుకున్నాడు. ఒకరోజు అన్నం తింటూ తేల్చేశాడు.

"ఎల్లుండి బయల్దేరదాం. వదినకు నయమైంది గదా."

నా భార్య చేతిలో ముద్ద అలాగే ఆగింది.  పెనుకొండలో అప్పుడు చలి నడిమిలో ఉంటుంది. ఆ గోడా, ఆ దిండూ మళ్ళీ ఆమె కళ్ళ ముందు కనిపించాయని నాకు తెలిసింది. అంత మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది?

"పొయ్యి?" అన్నాను నేను.

"పొయ్యికేమన్నా?"

"తిరిగి పోయేటప్పుడు బండి ముఖం ఉత్తరం. అప్పుడు ముందు ఎడమ మూల వాయవ్యం అవుతుంది."

అతను నవ్వాడు. "సాయంకాలం దచ్చిణానికి తిప్పి నిలుపుతా. ఇన్ని దినాలూ నిలిపింది అట్లనే గదా."

"వచ్చేటప్పుడు నడక దక్షిణం, నిలపడం దక్షిణం. రెండూ ఒకటే. ఇప్పుడు నడిచేది ఉత్తరానికి. ఇల్లు ఎటు నడుస్తుందో అదే దాని ముఖం. రాత్రి పూట ముఖం తిప్పి నిలబెట్టినంత మాత్రాన ఇంటి దిక్కు మారదు."

ఈ సూత్రం ఏ శాస్త్రంలో ఉందో నాకూ తెలియదు. కాని నా భార్య వెంటనే అందుకుంది. "ఆయన సర్వేయరప్పా. ఆయన చెప్పినారంటే గట్టు గట్టే."

ఆ మాట నా చెవిలో తేనె పోసింది. అల్లుడెదుట సర్వేయరన్న మాటకు అంత విలువ రావడం అదే మొదలు.

"అయితే పొయ్యి ఊడబీకి మూల మారుస్తాం," అని అతను లేచాడు.

"పుష్యంలోనా? శూన్యమాసంలో పొయ్యి కదిలిస్తారా ఎవురన్నా?" అంది ఆమె.

"పొయ్యి ముట్టించొద్దులే. దావలో ఓటల్లో తిందాం."

"పుష్యంలో ఇంటి పొయ్యి ఆర్పి ప్రయాణమా? నాకు తెలీదు నాయనా. మీకు ధైర్యముంటే పోండి."

ఆమె నా వైపు చూడలేదు. చూస్తే నవ్వు వస్తుందని చూడలేదు. నేను మజ్జిగ పోసుకుని తలొంచుకుని తిన్నాను.

అతను రెండు రోజులు గింజుకున్నాడు. చివరకు మరదలే తీర్పు చెప్పింది: "బండి ఈడే ఉండనీ. మనం రైలుకు పోదాం. పుష్యం పోయినంక నువ్వొచ్చి తోలుకొని రా, నేనూ వస్తా. అక్కను చలిలోకి లాగద్దు." వెళ్ళేటప్పుడు అతను బండి చుట్టూ తిరిగి చక్రాలు తన్ని చూశాడు. తాళం చెవి నా చేతిలో పెట్టబోయి, నాకు తోలడం రాదని గుర్తొచ్చి, జేబులోనే వేసుకున్నాడు.

ఆ మిగిలిన పుష్యం మా ఇద్దరిదే. నేను ముందుకు మారాను. పొయ్యి పక్కన ఆమె పీట, కుడి పక్కన అతని డ్రైవరు సీటు. అందులో కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, అద్దంలోంచి ఎర్ర దిబ్బలు, వాటి మీద తాటిచెట్ల నీడలు. మొదటి రోజు ఆమె పప్పు కలుపుతూ అడిగింది, "యాడికి పోదాం?"

"నీ ఇష్టం. దక్షిణంగా పోతే లంక వస్తుంది."

"పొయ్యికి దోషం లేదు గదా?"

"లేదు. లంక దాకా ఆగ్నేయమే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అదే నవ్వు. వెనక బల్ల మీద నుంచి ఊరూరా నేను విన్నది. దగ్గరగా వింటే చివర చిన్న ఈల ఉండేది, ఉబ్బసం మిగిల్చిన ఈల. మాఘం వచ్చేసరికి అదీ పోయింది.

"దారి పొడుగునా అతను ఏం చెప్పి నవ్వించేవాడు?" అని ఒకసారి అడిగాను.

"ఏమో, గుర్తు లేదు," అంది.

గుర్తు ఉండే ఉంటుందని ఇప్పటికీ నా నమ్మకం.

మాఘంలో మరదలితో కలిసి అతను వచ్చాడు. వచ్చీ రాగానే డ్రైవరు సీటు చూశాడు. దాని మీద నా భార్య పాతచీర మడతపెట్టి వేసిన మెత్త ఉంది.

"నా సీటు మీద ఇదేంది?"

"ఆయన నడుము నొప్పి అంటే ఏసినా," అంది ఆమె.

అతను ఆ మెత్తను తీసి పక్కన పెట్టాడు. కొంచెం విసురుగానే పెట్టాడు. నాకు చల్లగా అనిపించింది.

పొయ్యి మూల మార్చబోతే సముద్రపు గాలికి మరలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పానా తిప్పితే జారింది గాని మర కదల్లేదు. "మాఘమే గదా, దోషం లేదు. ఓటల్లో తిందాం," అంది నా భార్య, తన శాస్త్రం తనే మడిచి పెట్టెలో పెట్టేస్తూ. అతను నోరు తెరిచి ఆమెను చూసి, నన్ను చూసి, ఇంజను స్టార్టు చేశాడు.

వంట లేదు కనుక ముందు ఆమెకు పని లేదు. ఆ పీట మీద మరదలు కూర్చుంది. నా భార్య వెనక్కి వచ్చి, ట్రంకు పెట్టెను కొంచెం జరిపి, బల్ల మీద నా పక్కన కూర్చుంది. మదురై దాటాక నేనేదో అన్నాను. ఆమె నవ్వింది. నేను మళ్ళీ ఏదో అన్నాను. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

ముందు నుంచి అతను తల తిప్పి కేకేశాడు. "ఏమన్నా, వెనకాల ఏమంటాండారు?"

"ఏం లేదప్పా," అంది నా భార్య. "నువ్వు దావ చూసి తోలు."