మీ సెక్షన్ ఏది?

మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి వెబ్‌సైటు పెట్టాలన్న ఆలోచన నాది కాదు గానీ, దాన్ని పాడుచేసిన ఘనత మాత్రం నాదే. సంఘానికి నేను కార్యదర్శిని. రాయచూరు దగ్గరి పవర్ స్టేషన్‌లో, కంట్రోల్ రూమ్‌లో, ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి. మెడికల్ కార్డు ఫారాల కోసం ముసలివాళ్లు మండుటెండలో బస్సులు మారి రావడం చూడలేక, అన్నీ ఫోన్‌లోనే దొరికేలా చేద్దామని కమిటీ తీర్మానించింది. హైదరాబాదులో ఒక కంపెనీని అడిగాం. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "సార్, ఏ పేజీ తర్వాత ఏ పేజీ రావాలో ముందు కాగితం మీద గీయండి. కొత్తవాళ్లెవరికైనా చూపించి, అర్థమవుతుందో లేదో చూడండి. పని మొదలయ్యాక మార్చాలంటే కష్టం."

గీయడం నా వంతుకొచ్చింది. నాకేమో మా ఆఫీసులోని ఇనప బీరువా తప్ప వేరే లోకం తెలియదు. దాంట్లో ఫైళ్లన్నీ సెక్షన్ల వారీగా ఉంటాయి. అచ్చం అలాగే గీశాను. మొదటి పేజీలో 'మీ సెక్షన్ ఏది?' దాని కింద బాయిలర్, టర్బైన్, కంట్రోల్ రూమ్, కోల్ హ్యాండ్లింగ్, యాష్ హ్యాండ్లింగ్. ఏది నొక్కితే ఆ సెక్షన్ వాళ్ల పేర్లు, పేరు నొక్కితే ఆ మనిషి ఫారాలు. కమిటీ భేష్ అంది. నేనూ మురిసిపోయాను, ఎందుకబద్ధం.

ఆ వారమే మా స్నేహితుడి భార్య వచ్చింది. రాయచూరులో మా వీధి నుంచి ప్లాంటు బస్సెక్కేవాళ్లం ఇద్దరమే, నేనూ అతనూ. అతను పోయి ఏడాది. ఆమె ఇప్పుడు గోరేబాళ అనే పల్లెలో అన్నగారింట్లో ఉంటోంది. రెండు కళ్లకూ ఆపరేషన్ చేయాలన్నారట, కార్డు కావాలి. కొత్తవాళ్లకు చూపించమన్నారు కదా అని కాగితాలు ఆమె ముందు పరిచాను.

అద్దాలు సర్దుకుని నిదానంగా చదివింది. తడుముకోకుండా కంట్రోల్ రూమ్ మీద వేలు పెట్టింది. "మావారిది ఇదే కదండీ అన్నయ్యగారూ. మీ పక్క కుర్చీయేగా."

ఆమె కిందున్న పేర్ల కాగితం తీయబోతుంటే దాని మీద అరచెయ్యి ఆనించాను. "అది ఇంకా రాయలేదమ్మా" అన్నాను.

అతనిది బూడిద సెక్షన్, అదే యాష్ హ్యాండ్లింగ్. బాయిలర్ బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల్లోంచి చెరువుకు తోలే పని. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఆడపెళ్లివారితో కంట్రోల్ రూమ్‌లో, ఏసీలో కూర్చునే ఉద్యోగమని చెప్పాడు. ఇతను నోరు మెదపలేదు. ఆ తర్వాత ఇక చెప్పలేకపోయాడు. షిఫ్టు దిగి, ప్లాంటులోనే స్నానం చేసి, నా లాకరులో వేలాడే ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు. బూడిద సెక్షన్‌కేం తక్కువరా, ఆ గొట్టాలు ఒక్కపూట పూడుకుపోతే మా కంట్రోల్ రూమ్ ఎందుకు పనికొస్తుందని ఎన్నిసార్లు తిట్టానో. "తెలుసురా. ఇన్నేళ్లయ్యాక ఎలా చెప్పేది?" అనేవాడు. కోపమొచ్చేది, జాలీ వేసేది.

అతను పోయాక ఆమె కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. సంతకం మాత్రం పెట్టించుకుని, ఆమె వెళ్లాక సెక్షన్ అన్నచోట నేనే రాసేవాణ్ణి. ఆ రోజూ అంతే చేశాను. ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో కార్డు ఇస్తారు; ముందు ఒక కంటికి వచ్చింది. కానీ ఇకమీదట ఆమె నా దగ్గరికి రానక్కర్లేదు. మేనల్లుడు ఫోన్ తెరుస్తాడు. మొదటి ప్రశ్నే అది. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

మర్నాడే కమిటీలో చెప్పాను, మొదటి పేజీలో సెక్షన్ వద్దు, 'మీకేం కావాలి?' అని అడుగుదామని. మా అధ్యక్షుడు బాయిలర్‌లో చేసిన రాయచూరు మనిషి.

"ఏందన్నా, నువ్వే గీస్తివి, నువ్వే వద్దంటివి. ముప్పై ఏండ్లు చేసినోనికి తన సెక్షన్ ఏందో ఎర్కుండదా?"

"చేసినోనికి ఎర్కనే. ఇంట్ల వాళ్లకు?"

"పెండ్లానికి మొగని సెక్షన్ ఎర్క లేకుంటె ఎట్లన్నా?"

అందరూ నవ్వారు. అసలు కారణం చెబితే స్నేహితుడి గుట్టు బయటపడుతుంది; కాగితాలు మడిచి అధ్యక్షుడి చేతికిచ్చాను. కాగితాలు హైదరాబాదు వెళ్లిపోయాయి. అతని పేరు కంట్రోల్ రూమ్ జాబితాలోకి తోసేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ ప్లాంటు రికార్డుతో కలవకపోతే కార్డే ఆగిపోతుంది. ఆమెకు రెండో కన్ను మిగిలే ఉంది.

వెబ్‌సైటు తెరిచిన వారానికి గోరేబాళ నుంచి ఫోన్.

"అన్నయ్యగారూ, కంట్రోల్ రూమ్‌లో మీ పేరుందండి, అందరివీ ఉన్నాయి. మావారిదే లేదు. రెండుసార్లు చదివించాను. మర్చిపోయారా?"

"ఔనమ్మా. మర్చిపోయాను."

"ఎవరు మర్చిపోయినా మీరు మర్చిపోతారనుకోలేదండీ" అని పెట్టేసింది.

ఇంతకన్నా నన్ను కొట్టినా బాగుండేది. రెండో కంటి ఫారం నేనే నింపి, సెక్షన్ గడి ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టి పంపమని పోస్టు చేశాను. నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. కింద సంతకం ఉంది. సెక్షన్ గడిలో ఆమె తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో కంట్రోల్ రూమ్ అని రాసింది.

దాన్ని కొట్టేసి యాష్ హ్యాండ్లింగ్ అని రాయాలి. కొట్టివేత పక్కన దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే మళ్లీ సంతకం పెట్టాలన్నది మా సంఘం నియమం. ఆ నియమం పెట్టిందీ నేనే.