కూకట్‌పల్లిలో నా గుణగణాల విచారణ

డెబ్బైల్లో ఒక ప్రభుత్వ కర్మాగారంలో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చినట్టే వచ్చి, ఉత్తర్వులోని చివరి వాక్యం దగ్గర ఆగింది. నా నడవడి గురించి నేను రాసిచ్చిన మాటలను స్థానిక విచారణ ‘బేర్ అవుట్’ చేయాలట. నిఘంటువు తీశాను. ఒకరు చెప్పింది నిజమేనని రుజువు చేయడం అని ఉంది. సాక్ష్యాలు, లెక్కలు, అనుభవం ఆ పని చేస్తాయని ఉదాహరణలిచ్చారు. ఇరుగుపొరుగు ప్రస్తావన లేదు.

నాన్నగారికి మాత్రం దిగులు లేదు. గుమ్మం దాటదు, ఎవరితోనూ మాట కలపదు, ఇంతకంటే మంచి నడవడి ఏముంటుందని ఆయన ధీమా. నిజమే. గుడివాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో అద్దెకు దిగాక లైబ్రరీ పుస్తకాలతో, డైరీతో తప్ప నాకెవరితోనూ స్నేహం కుదరలేదు. అప్పుడది ఇంకా ఊరే. అందరికీ అందరూ తెలుసు, నేను తప్ప.

కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. కిటికీ వెనక నిలబడి విన్నాను. పక్క కిరాణా కొట్టాయన అలాంటి పిల్ల ఉన్నట్టే తెలియదన్నాడు. ఎదురింటి ముసలాయన, ఆ వాటాలో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరేనని గట్టిగా చెప్పాడు. కానిస్టేబులు మా కిటికీ వైపు చూశాడు. అలవాటు ప్రకారం పక్కకు తప్పుకున్నాను.

ఉద్యోగం పోయినట్టేననుకుంటుండగా, పిడకలు చేస్తున్న మా ఇంటి యజమానురాలు లేచి వచ్చింది. ఆమెతో నేను ఒక్కసారీ మాట్లాడి ఎరగను.

“తెల్వకపోవుడేంది సారూ? నా బిడ్డ లెక్కనే. తెల్లారితే నాతోనే నీళ్లు చేదుతది. బతుకమ్మకు గీ వాడకట్టుల ఆమె లెక్క ఎవ్వరు పాడరు.”

ఒక్క ముక్కా నిజం కాదు. కానిస్టేబులు తృప్తిగా రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లాడు. నెల తిరక్కుండా ఉద్యోగంలో చేరాను. నేను రాసిచ్చిన నిజాలు అలా రుజువయ్యాయి.

కృతజ్ఞత చెప్పుకోవాలని మొదటిసారి ఆమె వాకిట్లోకి వెళ్లాను. మాటల కోసం వెతుక్కుంటుంటే ఆమే అందుకుంది.

“గవన్ని ఉండనీ. బతుకమ్మ దగ్గరికొచ్చె. నువ్వు పాడకుంటే పోలీసాయనకు నేను అబద్ధం చెప్పినట్లయితది. ఇట్ల కూసో, నేర్పిస్త.”

నేర్పింది. సిగ్గుతో లోలోపలే గొణుక్కుంటూ నేర్చుకున్నాను. పండుగనాడు ఆడవాళ్ల మధ్య చప్పట్లు కొడుతూ తిరిగాను, పాడాను కూడా. రెండో చరణానికే ఆమెకు నా గొంతు సంగతి అర్థమైంది. నా పక్కకు జరిగి, తన గొంతు పెంచింది.